ఆరిళ్ళ ఊళ్ళో ఇంటింటి లెక్క

ఆ రోజుల్లో భయమంటే ఏమిటో నాకు తెలియదని గట్టి నమ్మకం ఉండేది. నరసరావుపేటలో పుట్టి, అక్కడే చదివి, పక్కింటి కుక్క మొరిగితే వీధి మార్చి నడిచే మనిషికి అంత నమ్మకం ఎలా కలిగిందో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. మెడలో కార్డు, చేతిలో ట్యాబ్ పెట్టినవాళ్ళు ధైర్యం కూడా వాటితోపాటే ఇచ్చారనుకున్నాను. కొత్త ఉద్యోగం, మాచర్ల దాటి కొండల వైపు. ఏ ఊళ్ళో ఎన్ని గడపలు, గడపకి ఎంతమంది అన్నది రాసుకురావడం పని. మా పేటలో అయితే ఒక్క సందులో నిలబడితే చాలు, పూటలో వంద గడపలు తేలతాయి. ఇక్కడ గడపకీ గడపకీ మధ్య ఒక గుట్ట, ఒక వాగు (నీళ్ళు లేనిది), నాలుగు తుమ్మచెట్లు. రాళ్ళను లెక్కపెట్టమంటే ఆ మండలం జిల్లాలోకెల్లా మొదట వచ్చేది.

జాబితాలో చివరగా ఒక పల్లె మిగిలింది. ఆరిళ్ళు. తలారి బాబాయి (ఊరంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది) నన్ను బండి మీద ఎక్కించుకుని, మిరపచేలు అయిపోయి, పత్తి అయిపోయి, బండి బాట కూడా అయిపోయాక, ఒక దిబ్బ పక్కన ఆపాడు. ఎదురుగా నాపరాళ్ళ గోడల ఇళ్ళు ఆరు, మిట్టమధ్యాహ్నపు ఎండలో తెల్లగా మెరుస్తున్నాయి.

"పొయ్యి రాసుకురామ్మా. నేనీడే కూసుంటా."

"నువ్వు రావా బాబాయ్?"

"నేను ఆ ఊళ్ళోకి రాను." ఎందుకు రావని అడిగితే తలగుడ్డ ముఖం మీదికి లాక్కున్నాడు.

ఊళ్ళోకి అడుగుపెట్టాక నా చెప్పుల చప్పుడు నాకే పెద్దగా వినిపించింది. కుక్క లేదు, కోడి లేదు. ప్రతి ఇంటి ముందూ ఒక చీర ఆరేసి ఉంది. చివరి ఇల్లు తప్ప ప్రతి తలుపూ జానెడు తెరిచి ఉంది. ట్యాబ్‌లో సిగ్నల్ పోయింది. పుస్తకం తీసి మొదటి ఇంటి ముందు నిలబడి పిలిచాను. ఒక ముసలమ్మ వచ్చింది. తెల్లటి జుట్టు, ఎడమ చెవి తమ్మె తెగి రెండుగా వేలాడుతోంది. ఇంట్లో నలుగురం అంది, పేర్లు చెప్పింది, రాసుకున్నాను.

రెండో ఇంట్లోనూ ముసలమ్మే. కొంగు తల మీద ఉంది. ముగ్గురం అంది. కొంగు జారినప్పుడు చూశాను, ఎడమ చెవి తమ్మె తెగి ఉంది. అక్కాచెల్లెళ్ళను ఒకే ఊరికి ఇచ్చారు కాబోలు, ఇద్దరికీ ఒకే చెవి తెగడం మాత్రం వింతే అనుకుంటూ మూడో ఇంటికి నడిచాను. అక్కడ తలకి తువ్వాలు చుట్టుకుని అదే ముఖం. "ఐదుగురం," అంది రొప్పుతూ. ఎందుకు రొప్పుతోందో అడగాలనిపించలేదు. నాలుగో ఇంట్లో అదే ముఖం తలుపు సందులోంచి నన్ను చూసి, ఇంతకుముందు ఎన్నడూ చూడనట్టు, "ఎవురమ్మా నువ్వు, ఏ ఊరు?" అని అడిగింది. నేనూ మర్యాదగా మళ్ళీ నా పేరు, ఊరు చెప్పాను. (ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు. కార్డు మెడలో ఉంటే మనిషి అలాగే ప్రవర్తిస్తుంది.) ఐదో ఇంట్లో ముఖం కూడా లేదు. చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి నాలుగు వేళ్ళు చూపించి లోపలికి పోయింది. నలుగురని రాసుకున్నాను.

ఆరో ఇంటి తలుపు మూసి ఉంది. తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ లెక్క లెక్కే గదా. తట్టాను. కాసేపటికి లోపలి నుంచి మెల్లగా ఒక గొంతు, "ఇద్దరం," అంది.

ఇద్దరు అని రాసి పరుగు అందుకున్నాను. ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది.

బాబాయి బీడీ ఆర్పి, నేను చెప్పిందంతా నింపాదిగా విన్నాడు. "ఆడుండేది ఒక్కతేనమ్మా. మా పెద్దమ్మ. మిగతావోళ్ళు పనులకని గురజాల, హైదరాబాదు పొయ్యారు. తాళాలన్నీ ఆమె కాడే ఉంటై. నువ్వు ముందు తలుపు తట్టటం, ఆమె దొడ్డిదారిన పోవటం అయ్యుంటది."

"ముందే చెప్పొచ్చుగా బాబాయ్."

"ఆమెకీ నాకూ మాటల్లేవు. గేదె కాడ తగువొచ్చి నాలుగేళ్ళయింది. ఆమె సంగతి నేను చెప్తే, నేనే ముందు మాట్లాడినట్టయిపోదా?"

దయ్యం కాదని తెలిసేసరికి నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఒంటి చెప్పుతో కుంటుకుంటూ మళ్ళీ ఊళ్ళోకి వెళ్ళాను. పెద్దమ్మ ఐదో ఇంటి దొడ్డిగుమ్మంలో కూర్చుని మోకాళ్ళు పిసుక్కుంటోంది. నడుముకి తాళాల గుత్తి. నన్ను చూసి సిగ్గుపడలేదు, జరిగి చోటిచ్చింది.

"ఎందుకు పెద్దమ్మా ఇదంతా?"

"ఎవురూ లేరని రాస్తే కరెంటు పీక్కుపోతారని చెప్పుకుంటున్నారు. ఒక్కదాన్నే ఉన్నానంటే దీన్ని ఊరంటారా? రేపు వాళ్ళొచ్చి తలుపు తీస్తే లైటన్నా ఎలగొద్దా?"

నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. పుస్తకం తెరిచి, ఇళ్ళవాళ్ళ పేర్లు, వాళ్ళెక్కడ పనికి పోయారో ఆమెనే అడిగి, పనికి పోయినవాళ్ళు అన్న గడిలో సరిగ్గా రాశాను. ఒక్కరినీ కొట్టెయ్యలేదు. (కరెంటు కూడా ఎవరూ తియ్యలేదు.) ఐదిళ్ళూ అయ్యాక, "ఆరో ఇంట్లో ఇద్దరన్నావు, వాళ్ళెక్కడ?" అన్నాను.

"ఆరో ఇంటికి నేను యాడ పొయ్యా? మోకాళ్ళు పట్టేసి ఈడే కూలబడ్డా గదా. ఆ ఇంటోళ్ళు పొయ్యి చానా ఏళ్ళయింది. దాని తాళం నా కాడ లేదు."

"లోపల్నుంచి ఇద్దరం అన్నారు పెద్దమ్మా."

ఆమె కాసేపు ఆ ఇంటి వైపు చూసింది. ముఖంలో భయం లేదు, ఏదో ఊరట ఉంది.

"అన్నారా. అయితే ఉండుంటార్లే. రాసుకో."

చూసి వద్దాం రమ్మన్నాను. మోకాళ్ళు చూపించి, నన్నే వెళ్ళమంది. నేను వెళ్ళలేదు. చెప్పు కూడా తెచ్చుకోలేదు. బండి మీద బాబాయి భుజం పట్టుకుని మాచర్ల వచ్చేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ తర్వాత అలాంటి పల్లెలు ఎన్నో తిరిగాను. పిలిచీ పిలిచీ గొంతు పోయినా పలికేవాళ్ళు లేని గడపలే ఎక్కువ. ఇప్పుడైతే ఆ తలుపు ముందు చతికిలబడి, "మీ పేర్లు చెప్పండమ్మా, నిదానంగా రాసుకుంటాను," అని ఉండేదాన్ని.