టైలరమ్మ వేయించిన సందు

మా టైలరమ్మ కొలత కంటే ముందు మనిషిని చూస్తుంది. ఒక భుజం వాలి ఉంటే చొక్కానూ అటే వాల్చి కుడుతుంది. ముప్పై ఏళ్లుగా అలాగే పేరు తెచ్చుకుంది. ఆ అలవాటే మా కొంప ముంచింది.

సందుకు సిమెంటు వేసే పనిని మున్సిపాలిటీ ఈసారి కాంట్రాక్టరుకు కాకుండా మా మహిళా సంఘానికి ఇచ్చింది. సిమెంటు, కంకర వాళ్లవి, రెక్కల కష్టం మాది. ఇది కుదిరితే పక్క మూడు సందులూ మాకే. అధ్యక్షురాలిగా టైలరమ్మ సంతకం పెట్టింది. సందులోకి ఎవరి కట్టడమూ పొడుచుకు రాకూడదన్నది షరతు. అందరి మెట్లూ దగ్గరుండి కొట్టించింది. నా మెట్టు పోయినప్పుడు వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు నేను.

మెట్లు పోయేసరికి గడపలు ఎత్తయిపోయాయి. దిగడం ఎవరికి కష్టమైతే వాళ్ల గుమ్మం ముందు సిమెంటు కాస్త మందంగా పోయించింది. నాకు రెండు వేళ్లు. తన ఇంటి ముందు ఏకంగా జానెడు. వాళ్ల అత్తగారికి మోకాళ్లు వంగవు, రెండేళ్లుగా వీధి ముఖం చూడలేదు. ఇప్పుడు గడపా సందూ ఒకే మట్టానికి రావడంతో గోడ పట్టుకుని రోజూ చివరిదాకా నడిచి, అందరి ఇళ్లలో ఏం వండారో ఆరా తీసేది. విసుక్కున్నట్టు నటించేవాళ్లం కానీ, ఆమె వస్తే మాకు సంతోషంగానే ఉండేది.

ఇంజనీరు వచ్చి సందు పైనుంచి పది బకెట్ల నీళ్లు పోయించాడు. నీళ్లు టైలరమ్మ గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తన్ని పై పక్కనున్న మా గడప దాకా వచ్చాయి.

"సందంతా ఒకే వాలుండాలమ్మా. వారంలో సరిచేయకపోతే మిగతా సందులు కాంట్రాక్టరుకే," అన్నాడు.

"ఆ ఒక్క గుమ్మానికీ పక్కగా, ముసలావిడ దిగడానికి మెట్టులా చిన్న దిమ్మ కట్టుకోనివ్వండి సార్," అన్నాను.

అతనికంటే ముందు టైలరమ్మే వద్దంది. "నీ మెట్టు కొట్టించి నాది కట్టుకుంటే నా ముఖాన ఉమ్మరా, వదినా?"

మర్నాడు సుత్తి పట్టుకుని మొదట తన గుమ్మం ముందే మొదలుపెట్టింది. అత్తగారు లోపలే కూర్చుని చూసింది.

వారానికి ఇంజనీరు మళ్లీ నీళ్లు పోయించాడు. ఎక్కడా ఆగలేదు. అక్కడికక్కడే మూడు సందుల కాగితాలూ చేతికిచ్చాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. టైలరమ్మ కాగితాలు తీసుకుని గడప దగ్గరికి వెళ్లింది.

"పని మీకే ఇచ్చారా?" అడిగింది అత్తగారు.

"ఇచ్చారు అత్తయ్యా."

"మంచిది. అక్కడ నాలాంటివాళ్లు ఎవరైనా ఉంటే ముందే చెప్పెయ్యి. నడిపించి ఆపకు."

టైలరమ్మ తల ఊపింది. నాకైతే ఏడుపు ఆగలేదు.