సూర్యలంకకు మాట్లాడిన కారు

మా మేనత్త మంగళవారం ఉదయం ఆరున్నరకు తెనాలిలో, తన ఇంట్లో చనిపోయింది. లేచి, ప్రార్థన చేసుకుని, మంచినీళ్లు అడిగింది. ఎదురింటి పిన్నిగారు గ్లాసు తెచ్చేలోపు అయిపోయింది. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. బాధపడలేదని కూడా చెప్పాడు. ఆ రెండో మాట ఆయనకెలా తెలుసో నేను అడగలేదు.

వీధిలో అందరికీ ఆమె టీచరమ్మ. నాకు అత్తయ్య. రిటైరైన దగ్గర్నుంచీ ఆమెకు ఒకటే కోరిక ఉండేది. తెనాలిలో కారెక్కి, రేపల్లె, నగరం, కర్లపాలెం, బాపట్ల మీదుగా చుట్టు తిరిగి వెళ్లి, సూర్యలంకలో సముద్రాన్ని పగటి వెలుతురులో చూడాలి. పెద్ద కోరికేం కాదు. అది తీరకుండానే వెళ్లిపోయింది. ఎందుకు తీరలేదో నాకు తెలుసు. ప్రతిసారీ కారు మాట్లాడింది నేనే. పోయినవాళ్ల గురించి చిరాగ్గా రాయకూడదంటారు. జరిగింది జరిగినట్టు రాయాలంటే మాత్రం ఆ చిరాకు తీసేసి రాయడం నాకు చేతకావడం లేదు.

అత్తయ్య సోషల్ టీచర్. పిల్లలకు పటం ఇచ్చి రంగులు వేయించేటప్పుడు గది అంతా తిరుగుతూ ఒకటే చెప్పేది. "ముందు సముద్రం వేయండ్రా. నేల దానంతటదే మిగులుద్ది." ఆమె దగ్గర చదివినవాళ్లలో చాలామందికి పాఠాలు గుర్తు లేవు గానీ ఈ మాట గుర్తుంది. నేనూ ఆమె దగ్గరే చదివాను. అందరి పెట్టెల్లోనూ నీలం పెన్సిలే ముందు అరిగిపోయేది. ఇంతమందికి సముద్రం నేర్పిన మనిషి తను మాత్రం ఒక్కసారే చూసింది, అదీ మద్రాసులో, టీచర్ల ట్రైనింగుకి వెళ్లినప్పుడు. "చూశా గానీ, అది మనది కాదుగా" అనేది.

తెనాలి నుంచి బాపట్లకి రైలుంది. పొన్నూరు మీదుగా బస్సుంది. ఈ సంగతి ఆమెకు చెప్పనివాళ్లు లేరు. నేనూ చెప్పాను.

"రైల్లో ఒక పక్కే కనపడుద్దిరా. నాకు రెండు పక్కలా కావాలి."

"పోనీ పొన్నూరు మీదుగా కారులో వెళ్దాం. దగ్గర."

"దగ్గరే. అటు పోతే సముద్రం ఒక్కటే కనపడుద్ది. నాకు కాలవ పక్కనే పోయి పోయి సముద్రం దగ్గర తేలాలి."

ఆమె పుట్టింది నగరం పక్క పల్లెలో, కాలవ గట్టు మీద ఇంట్లో. చిన్నప్పుడు నీళ్లలో వేసిన తాటాకు పడవలన్నీ సముద్రానికే వెళ్లాయని ఆమె నమ్మకం. నిజానికి ఆ కాలవ సూర్యలంక దగ్గర కలవదు. సోషల్ టీచరుకి ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు. అయినా ఆ దారే కావాలంది.

మొదటిసారి వెళ్లింది క్రిస్మస్ సెలవులయ్యాక. తెనాలి స్టేషను దగ్గర స్టాండులో అంబాసిడర్ నడిపే భాయ్‌ని మాట్లాడాను. నెమ్మదస్తుడు, తొందరపెట్టడు. నాలాంటివాడికి అది సుగుణం. ఆ రోజు మాత్రం అది నా కొంప ముంచింది.

మా వీధిలో ఒక పద్ధతి ఉంది. మీ వీధిలోనూ ఉండే ఉంటుంది. ఎవరైనా కారు మాట్లాడుకుంటే అది వాళ్ల కారు కాదు. ఆ దారిన పని ఉన్న ప్రతివాళ్ల కారూ అదే. కారు గుమ్మం ముందు ఆగేసరికి కోర్టు పని మీద రేపల్లె వెళ్లాల్సిన రిటైర్డ్ గుమాస్తా ఇస్త్రీ చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. భట్టిప్రోలు వెళ్లే బాలింత, ఆమె పసిబిడ్డ, బిడ్డ ఊయల. ఇంకొకాయన ఎక్కలేదు గానీ, దుగ్గిరాలలో తన బావగారి దగ్గర పసుపు కొమ్ముల మూట తీసుకుని రేపల్లెలో దించమన్నాడు.

"దుగ్గిరాల అటు కదండీ," అన్నాను. "మేం వెళ్లేది ఇటు."

"ఎంతండీ, ఒక్క అడుగు వెనక్కి. కారేగా!"

నేను అత్తయ్య వైపు చూశాను. ఆమె ముందు సీట్లో కూర్చుని, భాయ్ అప్పుడే తుడిచిన అద్దాన్ని తన రుమాలుతో మళ్లీ తుడుస్తోంది. ఎప్పుడు కారెక్కినా చేసే పనే అది. "వెనక్కి వెళ్తే మళ్లీ ముందుకే కదరా వచ్చేది," అంది.

చివరగా ఎదురింటి పిన్నిగారు వచ్చింది. చేతిలో ఉసిరికాయ పచ్చడి జాడీ. పింగాణీది, మూతికి గుడ్డ కట్టి ఉంది. నగరంలో ఉన్న కూతురికట.

"దారిలోనేగా, టీచరమ్మగారూ. ఒరగనీకండి."

ఒరగకుండా ఉండాలంటే దాన్ని ఒకరి ఒళ్లో పెట్టుకోవాలి. ఆ ఒకరు నేనే. తెనాలి నుంచి దుగ్గిరాల, దుగ్గిరాల నుంచి మళ్లీ తెనాలి, అక్కడి నుంచి నగరం దాకా ఆ జాడీ నా ఒళ్లోనే ఉంది. రెండు పక్కలా ఏం కనిపించిందని అడిగితే నేను చెప్పగలిగింది జాడీ మూత ఒక్కటే.

పచ్చడి ఇచ్చేసి వెంటనే వచ్చేయడం అనేది మన వైపు లేదు. పిన్నిగారి అమ్మాయి గుమ్మంలోంచి కదలనివ్వలేదు. చెంబుతో నీళ్లు, విస్తళ్లు, అప్పటికప్పుడు పప్పు. "అన్నం తినకుండా వెళ్తే మా అమ్మకి నేనేం చెప్పనండీ?" అంది. తిన్నాం. సూర్యలంక చేరేసరికి సరుగుడు తోట నల్లగా ఉంది. ఈ వేళప్పుడు నీళ్ల దాకా పోవద్దని అక్కడి బెస్తలు చెప్పారు. అత్తయ్య కారు దిగి కాసేపు చెట్ల మధ్య నిలబడింది.

"చప్పుడు బాగానే ఉందిరా," అంది. "మనిషి కనపడకుండా గొంతు వినపడ్డట్టుంది."

తిరిగి వచ్చేటప్పుడు నేను ఊరుకోలేదు. వీధివాళ్లని రావొద్దని చెప్పడానికి ఏమైందన్నాను. "ముప్పయ్యేళ్లు పిల్లలకి కాదు, కూడదు అని చెప్పా. నా దగ్గర ఆ మాట అయిపోయిందిరా," అంది. భాయ్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మరుసటి ఏడాది ఆమె చూపు తగ్గడం మొదలైంది. షుగరు. ఉన్న చూపు కూడా ఎక్కువ కాలం నిలవదని గుంటూరు డాక్టరు నాతో విడిగా చెప్పాడు. నేను ఆమెతో విడిగా చెప్పాను. దాచడం నాకు రాదు. ఆమె "అయితే కారు మాట్లాడు," అంది.

ఈసారి షరతులు పెట్టాను. వీధిలో ఎవరికీ చెప్పకూడదు. కారు గుమ్మం ముందుకి రాదు, చర్చి దగ్గరికి వస్తుంది. ఆదివారం ఆరాధన అవగానే అటునుంచి అటే బయల్దేరాలి. ఆరాధన మానేసి పొద్దున్నే వెళ్దామంటే మాత్రం ఆమె ఒప్పుకోలేదు. భాయ్‌కి కూడా గట్టిగా చెప్పాను.

"ఎవరు చెయ్యెత్తినా ఆపొద్దు, భాయ్."

"పోలీసులెత్తితే?"

"వాళ్లొక్కళ్లకీ ఆపు."

మధ్యాహ్నం ఒంటిగంటకు బయల్దేరాం. వెనక సీట్లో నేనొక్కణ్ణే. ఒళ్లో ఏమీ లేదు. కుప్పలేసిన వరి, కోసిన మళ్లలో మినుము, కాలవలో బాతుల గుంపు. ఆమె కిటికీ అద్దం దింపి, కనిపించినవన్నీ పైకి చెబుతోంది, పిల్లల చేత పలికించినట్టు. కనపడనివి నన్ను అడిగింది. "ఆ తెల్లవి కొంగలా, సంచులా?" సంచులు. "అవి?" కొంగలు. నగరం దాకా ఇదే వరస. ఆ ప్రయాణంలో నాకు మిగిలిన మంచి భాగం అదే.

నగరంలో రోడ్డు పక్కన పిన్నిగారి అమ్మాయి నిలబడి చెయ్యి ఊపుతోంది. మా ప్రయాణం సంగతి ఆమెకెలా తెలిసిందంటారా? శనివారం సాయంత్రం పిన్నిగారు "రేపెటన్నా వెళ్తున్నారా టీచరమ్మగారూ?" అని అడిగిందట. అత్తయ్య అబద్ధం చెప్పలేదట. పిన్నిగారు ఎస్టీడీ బూతుకెళ్లి కూతురికి ఫోను చేసింది.

భాయ్ ఆపలేదు. నా మాట నిలబెట్టాడు. కారు అమ్మాయిని దాటి కొంచెం ముందుకెళ్లాక అత్తయ్య, "ఆపు భాయ్, ఆ పిల్ల మన కోసమే నిలబడింది," అంది. ఆయన అద్దంలో నన్ను చూశాడు. నేను ఏమీ అనకముందే బ్రేకు వేశాడు.

విషయం ఏంటంటే, జాడీ తిరిగి పంపాలి. ఏడాది నుంచీ ఆ అమ్మాయి దగ్గరే ఉండిపోయింది. పుట్టింటి జాడీ.

"ఇచ్చేయమ్మా, తీసుకెళ్తాం," అన్నాను.

"అయ్యో, ఖాళీ జాడీ ఎలా పంపుతానండీ? రొయ్యల పచ్చడి పెడుతున్నా. పొయ్యి మీదుంది. రెండు నిమిషాలు."

లోపలికెళ్లి చూశాను. రొయ్యలు ఇంకా వొలుస్తున్నారు.

వొలిచారు. కడిగారు. నీరు ఇగిరేదాకా వేయించారు. నూనె పోశారు. కారం కలిపారు. అప్పుడు చెప్పింది, వేడి మీద జాడీలో పెడితే పాడవుతుంది, చల్లారాలి అని. నేను విసనకర్ర అడిగాను. లేదంది. అక్కడ ఆ రోజు పేపరు పడుంది, అందులో విలేకరిగా నేను రాసిన వార్త కూడా ఉంది. దాంతోనే ఆ బేసిన్‌కి విసురుతూ కూర్చున్నాను. గుమ్మం మీద ఎండ పసుపురంగుకి తిరగడం నాకు కనిపిస్తోంది. అత్తయ్య వాకిట్లో కుర్చీలో కూర్చుని, ఆ అమ్మాయి అత్తగారితో మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుతోంది.

"జాడీ తర్వాత తీసుకెళ్దాం అత్తయ్యా. పొద్దుపోతోంది."

"ఖాళీగా వెళ్లకూడదురా అది."

"నువ్వు ఖాళీగా వెళ్తావ్ మరి."

ఆమె కూర్చున్న చోట నుంచి లేవలేదు.

సూర్యలంకలో దిగేసరికి పూర్తి చీకటి కాదు, కానీ ఆమె కళ్లకు చీకటే. ఈసారి ఎవరూ ఆపలేదు. చెయ్యి పట్టుకుని ఇసకలో నీళ్ల దాకా నడిపించాను. పాదాలకు నీళ్లు తగిలాయి.

"కనపడుతోందా?"

"ఏదో తెల్లగా కదులుతోంది. అలేనా? ఎవరన్నా ఆరేసిన చీరా?"

"అలే."

"నువ్వు చెప్పావు కాబట్టి అలే," అంది.

పాదాలు తడిశాయి కదా, అది చాలు కదా అని తర్వాత చాలామంది నాతో అన్నారు. చాలదు. ఆమెకూ చాలలేదు. కారు సూర్యలంక రోడ్డు వదిలి బాపట్ల ఊళ్లోకి తిరిగేటప్పుడు, "ఈసారి కూడా చూడలా," అని తనే అంది. నా మీద కోపంగా కాదు, ఆ అమ్మాయి మీద కోపంగా కాదు. హాజరు పలికినట్టు అంది. జాడీ మళ్లీ నా ఒళ్లోనే ఉంది.

వానలు వచ్చేనాటికి ఆమె చూపు పోయింది. ఆ తర్వాత కారు సంగతి ఆమె నా దగ్గర ఎత్తలేదు. నేను అడగలేదు. ఆ అధ్యాయం అయిపోయిందనుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం, వచ్చేవాళ్లు కొంచెం తగ్గాక, పిన్నిగారు నా దగ్గరికి వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"బాబూ, ఇప్పుడు అడక్కూడదు గానీ... రేపు అటే కదా వెళ్లేది."

నాకు అర్థమైంది. అర్థమయ్యేసరికి ఒళ్లు మండింది. ఇంట్లో మనిషి పడుకుని ఉంది, ఈమె చేతిలో జాడీ. ఈ ఏడాది ఉసిరికాయ పచ్చడి. మూతికి అదే గుడ్డ.

"ఇవాళ కూడానా పిన్నిగారూ?"

"నేను కాదు బాబూ. ఆవిడే. పోయిన ఆదివారం కూడా అడిగింది, జాడీ నింపావా అని. నింపు, అబ్బాయి కారు మాట్లాడతాడు, ఈసారి పొద్దున్నే వెళ్దాం అంది. నేను ఆగలేక అనేశా, కళ్లు లేకుండా ఏం చూస్తారు టీచరమ్మగారూ అని."

"ఏమంది?"

"అబ్బాయి చూసి చెబుతాడు, వాడి ఉద్యోగం అదేగా అంది."

జాడీ తీసుకున్నాను. ఇంకేం చేస్తాను.

ఇది మీరు చదివే వేళకు మేం బయల్దేరి ఉంటాం. బుధవారం ఉదయం ఎనిమిదింటికి అత్తయ్యను తీసుకుని వ్యాను కదులుతుంది. వెనకే భాయ్ కారు. వేమూరు, భట్టిప్రోలు, రేపల్లె మీదుగా కాలవ పక్కనే వెళ్లమని వ్యాను డ్రైవరుకు చెప్పాను. భూస్థాపన పదకొండింటికి, ఆమె పుట్టిన పల్లెలో, కాలవ గట్టు కింద, ఆమె అమ్మానాన్నల పక్కన. అక్కడి నుంచి వ్యాను వెనక్కి వస్తుంది. మా కారు రాదు. నగరంలో జాడీ ఇచ్చేసి, కర్లపాలెం, బాపట్ల మీదుగా సూర్యలంక వెళ్తుంది. మళ్లీ నింపి ఇస్తానన్నా ఆగేది లేదని పిన్నిగారి చేత కూతురికి ఫోను చేయించాను. ఐదున్నర దాకా వెలుతురు ఉంటుంది.

వెనక సీట్లో చోటు అడిగినవాళ్లు అప్పుడే ఉన్నారు. కాదనలేదు. ముందు సీటు ఎవరికీ ఇవ్వలేదు. భాయ్ సాయంత్రమే వచ్చి అద్దం తుడిచి, జాడీని ఆ సీట్లో నిలబెట్టి, ఒరగకుండా తన తువ్వాలుతో కట్టి వెళ్లాడు.