లిస్టు మామయ్యగారి పదమూడో ఫోటో

మా తోడల్లుడుగారు క్రమసంఖ్య వేయకుండా ఏ పనీ చేయరు. సరుకుల గోదాములో ముప్పై నాలుగు సంవత్సరాలు స్టోరుకీపరుగా పనిచేసి విరమించిన పిదప, లెక్కించడానికి సరుకు లేక, బంధువులను లెక్కించసాగారు. పిల్లలందరూ ఆయనను లిస్టు మామయ్య అంటారు. ఆ పేరును తన మారుపేర్ల జాబితాలో రెండవదిగా నమోదు చేసుకున్నారు. మొదటిది ఏమిటో నేటికీ ఎవరికీ తెలియదు.

ఒకసారి ఆయనకు జ్వరం వస్తే ఆసుపత్రికి నేనే తోడు వెళ్ళాను. తొమ్మిది బాధలు వరుసగా రాసిన కాగితాన్ని ఆయన డాక్టరుగారి ముందుంచారు.

"కడుపులో నొప్పి ఉందా?" అని అడిగారు డాక్టరుగారు.

"అది ఆరో అంశమండీ. మనమింకా మూడులోనే ఉన్నాం."

ఆరు వచ్చేసరికి నొప్పి తగ్గిపోయింది. ఆయన దానిని కొట్టివేసి, శ్రద్ధగా ఏడుకు వెళ్ళారు.

ఇటువంటి మనిషికి మా బావమరిది కూతురి పెళ్ళిలో కుటుంబ ఫోటోల బాధ్యత అప్పగించారు. అప్పగించారనడం కంటే, ఆయన తీసుకుంటుంటే ఎవరూ ఆపలేకపోయారనడం న్యాయం.

ఇక్కడొక చిక్కు ఉంది. తోడల్లుడుగారి భార్య, అనగా మా వదినగారు, పెళ్ళికూతురి తండ్రికి స్వయానా అక్క. ఆ అక్కాతమ్ముళ్ళకు తొమ్మిదేళ్ళుగా మాటలు లేవు. తమ్ముడు కట్టుకున్న కొత్త ఇల్లు చూడవచ్చిన అక్క, "ఈ మెట్లు మనుషులకా, పిల్లులకా?" అన్నది. తమ్ముడికి అది గుండెల్లో గుచ్చుకున్నది. అంతే.

పెళ్ళి వారం రోజులుందనగా పెళ్ళికూతురు మా ఇద్దరి దగ్గరకు వచ్చింది.

"మామయ్యా, నాకొక్క ఫోటో కావాలి. అటు నాన్న, ఇటు అత్తయ్య, మధ్యలో నేను. మిగతావన్నీ పాడైపోయినా ఏమీ అనుకోను."

"అడ్డం ఫోటోనా, నిలువుదా?" అన్నారు తోడల్లుడుగారు.

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, అడ్డమే అన్నది. ఆయన రాసుకున్నారు.

తరువాత ఇరుపక్షాలనూ సంప్రదించారు. "వాడి పక్కన నిలబెడితే పెళ్ళికే రాను" అన్నారు వదినగారు. "ఆవిడ ఆ చివరుంటే నేను ఈ చివరుంటా" అన్నాడు బావమరిది. ఆయన రెండు షరతులూ అంగీకరించారు. పిల్ల ముఖం చిన్నబోయింది. తోడల్లుడుగారు మాత్రం పదమూడు ఫోటోల జాబితా తయారుచేసి, చక్కని దస్తూరీతో మూడు ప్రతులు రాసిపెట్టమని నన్ను కోరారు. జీవితమంతా ఆఫీసు ఉత్తరాలకు నకళ్ళు రాసినవాడిని. అక్షరం పొల్లు పోకుండా రాసి ఇచ్చాను.

పెళ్ళినాడు హాలులో కిటికీల ఎదుట నేల మీద సుద్దముక్కతో గళ్ళు గీసి ఉన్నాయి. నడుమ వధూవరులు, ఇరువైపులా పన్నెండేసి మంది, అందరూ ఒకటే వరుస. ఒక చివర వదినగారు, రెండవ చివర బావమరిది. ఆవిడ తలుపు కేసి, అతడు కిటికీ కేసి చూస్తున్నారు.

మొదటి ఫోటో కాగానే తోడల్లుడుగారు వధూవరులకు చెరోపక్కన ఉన్న ఇద్దరినీ భోజనాలకు పంపి, "మిగతావాళ్ళు ఒక్కో గడి లోపలికి జరగండి" అన్నారు.

ఫోటోగ్రాఫరు తల గోక్కున్నాడు. "సార్, ఎక్కడైనా చివరివాళ్ళని ముందు పంపుతారు. మీరు మధ్యవాళ్ళని పంపుతున్నారేంటి?"

"గోదాము పద్ధతి. నువ్వు నొక్కు."

రెండు, మూడు, నాలుగు. ప్రతి ఫోటోకూ ఇద్దరు వెళ్ళడం, తక్కినవారు ఒక గడి జరగడం. తొమ్మిదవ ఫోటో వద్ద వదినగారికి అనుమానం వచ్చింది.

"ఏమండీ, ఈ జరగడం ఎంతదాకా?"

"పదమూడు దాకా."

"నాకు లెక్కలు రావనుకున్నారా?"

"వచ్చు. అందుకే నీకు లిస్టు ఇవ్వలేదు."

పన్నెండు పూర్తయింది. తోడల్లుడుగారు పెళ్ళికొడుకు భుజం తట్టి, "నువ్వు కాసేపు కూర్చో నాయనా, నీ పని అయిపోయింది" అన్నారు. అతడు బిక్కముఖం వేసుకుని వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. వరుసలో పెళ్ళికూతురు, తండ్రి, మేనత్త మిగిలారు.

వదినగారు ఒక కాలు గడి బయట పెట్టారు. మా తోడల్లుడుగారి చేతిలోని సుద్దముక్క రెండుగా విరిగింది.

బావమరిది కిటికీ మీది నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "మెట్లు వెడల్పు చేయించానక్కా."

రెండవ కాలు ఆగింది. "ఎంత?"

"జానెడు."

"జానెడేం సరిపోతుందిరా? ఈ మోకాళ్ళతో ఎక్కాలంటే పట్టుకోడానికేమైనా ఉందా?"

"కమ్మీ పెట్టించాను."

"కుడివైపా, ఎడమవైపా?"

"రెండువైపులా. నాలుగేళ్ళయింది. నువ్వొస్తేగా తెలిసేది."

బయటి కాలు గడిలోకి వచ్చింది. "కబురు చేస్తే రానూ?" అన్నారు వదినగారు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ముగ్గురూ ఒకవైపు చూశారు. ఈసారి ఎవరూ చెప్పకుండానే ఫోటోగ్రాఫరు నొక్కాడు.

నేను నా దగ్గరున్న ప్రతి విప్పి చూశాను. పన్నెండు అంశాలకూ పేర్లున్నాయి. పదమూడవదాని ఎదుట ఒకటే మాట: మిగిలినవారు. ముమ్మారు నా చేత్తోనే రాశాను. ఎవరు మిగులుతారని ఒక్కమారైనా ఆలోచించలేదు.

"నాతో ముందే చెప్పవచ్చును కదా అన్నగారూ" అన్నాను.

"మూడోసారి రాసేటప్పుడైనా అడుగుతావేమోనని మూడు ప్రతులు రాయించాను తమ్ముడూ."

ఆయన పదమూడును కొట్టివేసి, జేబులోంచి ఇంకొక తెల్లకాగితం తీసి నా చేతికిచ్చారు. "రాసుకో. ఆదివారం వాళ్ళింటికి ప్రయాణం. మెట్లు ఎక్కవలసిన క్రమం."

ఈసారి నేను కలం తెరవక మునుపే అడిగాను. "మొదట ఎవరు?"

"అక్కాతమ్ముళ్ళు. జానెడు పెరిగిందిగా, పక్కపక్కన పడతారు."