ఐసులో పెట్టిన సీసా

రొయ్య నీళ్లలోంచి బయటపడగానే ఐసు తగలాలి. ఇరవై ఏళ్లుగా సూళ్లూరుపేట మార్కెట్‌లో బుట్ట దించుతున్న వెంకటశేషమ్మకు ఈ సంగతి ఒకరు నేర్పనక్కర్లేదు. ఆమె సరుకు మెత్తబడిందన్న మాట ఇంతవరకు ఎవరి నోటా రాలేదు. అదీ ఆమె గర్వం, కొంచెం ఎక్కువే అనుకోండి.

నిరుడు సరస్సులో వల వేస్తుండగా ఆమె భర్త ముత్యాలయ్య మోకాట్లో జెల్ల చేప ముల్లు దిగింది. పుండు మానింది గానీ మోకాలు కొబ్బరికాయంత ఉబ్బింది. సూదిమందులయ్యాయి, ఆర్నెల్లు మాత్రలయ్యాయి, గుణం లేదు. కాలు వంగకపోతే పడవలో కూర్చుని వల లాగేదెట్లా? ఆ ఇంటికి వేరే పని తెలియదు.

చివరికి డాక్టర్ పరంజ్యోతికి అనుమానం వచ్చింది. రొట్టె మీద పట్టే బూజులాంటిదే కీలులో చేరిందేమో, అరుదే గానీ లేకపోలేదంది. మోకాలి నీరు సీసాలోకి తీసి, నెల్లూరు ల్యాబులో ఇచ్చి రమ్మంది. ఎలా తీసుకెళ్లాలో చెప్పడం మరిచిపోయింది. శేషమ్మ అడగనూ లేదు, తెలిసిన పనే కదా!

థర్మకోల్ పెట్టెలో ఐసు పరిచి, సీసా పెట్టి, ఐసు ఇంకా చల్లబడాలని పైన రెండు గుప్పిళ్లు ఉప్పు చల్లి బస్సెక్కింది. సీసాలోని మోకాలి నీరు గడ్డకట్టింది. ల్యాబు ముందు వరుసలో నిలబడేసరికి అది కరిగింది; సీసాను కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది.

నాలుగు వారాలు ముత్యాలయ్య మూలుగుతూ గడిపాడు. వచ్చిన కాగితంలో ఏమీ పెరగలేదని ఉంది.

"ఎట్లా తీసుకెళ్లావమ్మా?" అనడిగింది పరంజ్యోతి.

"ఐసులోనే డాక్టరమ్మా. ఉప్పు కూడా ఏసినా," అంది శేషమ్మ గొప్పగా.

పరంజ్యోతి తల పట్టుకుంది. "గడ్డకట్టి చచ్చుంటుంది. ఆ బూజు బతికుంటేనే కదమ్మా ల్యాబులో పెరిగేది! చెప్పకపోవడం నాదే తప్పు."

రెండోసారి నీరు తీసిచ్చిన సీసాను శేషమ్మ రవికెలో దోపుకుని వెళ్లింది. ఆ వేడికి కుళ్లిపోతుందేమోనని దారి పొడవునా ఆమె ప్రాణం గిలగిల్లాడింది. పదిహేడో రోజుకు బూజు పెరిగింది. దానికి మందు ఉంది. నెల్లూరులో ఆపరేషన్ చేసి కీలు కడిగారు. అప్పటికే ఆ బూజు ఎముకను తినేసింది. కాలు దక్కుతుంది గానీ మోకాలు ఇక వంగదన్నారు. నెల ముందు తెలిసుంటే వంగేదేమోనని కూడా అన్నారు.

ముత్యాలయ్య ఆస్పత్రి మంచం మీదినుంచే మండిపడ్డాడు. "ఆ ల్యాబోళ్లే చెడగొట్టుంటారు! మా శేషమ్మ ఐసులో పెట్టి మరీ తీసుకుపోయినాది," అని పక్క మంచాలవాళ్లకు చెబుతున్నాడు.

శేషమ్మ దాచేద్దామనే అనుకుంది, చేతకాలేదు.

"ఆ ఐసే మామా నీ మోకాలు తీసింది," అంది. "నేను పెట్టిన ఐసే."

అతను, ఇరవై ఏళ్లుగా ఐసు పరిచిన ఆమె చేతుల వంక చూశాడు.