బొమ్మల బండిలో పొట్టు గుళికలు

నలభై రెండు వేలు చెప్పిన బండిని ముప్పయ్యారున్నర వేలకు దించిన మొనగాణ్ణి నేను. పెనుబల్లి నుంచి భద్రాచలం దాకా ఎవరినైనా అడగండి, పాత బండి మీద అయిదున్నర వేలు తెగ్గోసినవాడు ఇంకొకడు దొరకడు. ఆ బండి నా సరుకు మోసింది ఒకే ఒక్క ట్రిప్పు. అదీ ఇంటిదాకా రాలేదు. ఆ సంగతి మాత్రం ఎవరినీ అడగకండి, నేనే చెప్తాను.

మాది దుకాణాల ఇల్లు. నాన్నకు పెనుబల్లి దగ్గరి ఊళ్ళో కిరాణా కొట్టు ఉండేది. నాకు ఎక్కాలు పలక మీద రాలేదు, చింతపండు తూకంలో వచ్చాయి. నాన్న పోయాక రెండేళ్ళు నడిపి, అమ్మిన సరుకు కంటే ఎలుకలు తిన్న సరుకే ఎక్కువని తేలాక మూసేశాను. కొట్టుకు వేసే తలుపు చెక్కలు తొమ్మిది. ఏ చెక్క ఎక్కడ పట్టాలో తెలియడానికి నాన్న ఒక్కోదాని మీద సున్నంతో అంకె వేసి పెట్టాడు. ఎప్పటికైనా మళ్ళీ తెరుస్తానని వాటిని పెరట్లో రేకుల కింద దాచాను. ఉన్న డబ్బంతా పెట్టి మూడెకరాల పొగాకు తోటను, ఇంటి వెనకున్న బ్యారన్‌ను ఆ ఏటికి కౌలుకు తీసుకున్నాను.

బ్యారన్ అంటే గొప్ప వస్తువేమీ కాదు. పొగాకు ఆరబెట్టే ఎత్తయిన మట్టిగోడల గది. కింద గొట్టాల్లో వేడి, పైన కర్రలకు కట్టి వరుసలుగా వేలాడదీసిన పచ్చాకు. ఒకసారి మంట పెట్టామా, ఆరు రోజులు ఆరకూడదు. ఆకు పసుపు తిరుగుతున్న దశలో వేడి పడిపోతే నల్లబడిపోతుంది. నల్లాకుకు వేలంలో పాట పాడేవాడే ఉండడు.

అంతకు ముందు అందరూ అడవి కట్టె తగలేసేవారు. ఆ ఏడు ఫారెస్టు వాళ్ళు కట్టె బండి కనబడితే చాలు ఆపేస్తున్నారు. భద్రాచలం దగ్గర ఒక మిల్లులో సామిళ్ళ చెక్కపొట్టును ఒత్తి బొటనవేలంత గుళికలు చేస్తున్నారని విన్నాను. నలభై కిలోల బస్తా నూట ఇరవై. కట్టె కంటే చవక, మంట కూడా నిలకడ. ఒకటే తిరకాసు: తడిస్తే గుళిక ఉబ్బి విచ్చుకుని మళ్ళీ పొట్టయిపోతుంది.

తోటలో ఆకు పండింది. పండిన ఆకు మనకోసం ఆగదు. బ్యారన్ నింపి మంట పెట్టేశాం. ఇంట్లో ఉన్న కట్టె మూడు రోజులకే సరి. మిగతా మూడు రోజులకు గుళికలు తేవాలి. అంటే బండి కావాలి.

మా ఊళ్ళో ట్రాక్టరాయన ట్రిప్పుకు పద్దెనిమిది వందల కిరాయి అన్నాడు. "కిరాయి డబ్బులు పొగలాంటియి, చేతికి చిక్కయి. సొంత బండైతే రేపు అమ్ముకున్నా పైసలొస్తయి" అని మా ఆవిడకు ఉపన్యాసం ఇచ్చాను. ఆమె మంటలోకి కట్టె తోస్తూ, "ముందు గుళికలొస్తయా, ఉపన్యాసమేనా?" అన్నది.

సత్తుపల్లిలో ఒక డీజిల్ ట్రాలీ ఆటో చూశాను. పొట్టిది, గట్టిది, వెనక బరువు మోసే కమాను పట్టీలు నా తొడంత. నలభై ఎనిమిది వేలు. రూపాయి తగ్గనన్నాడు దాని ఓనరు. బేరమాడనివ్వని మనిషి దగ్గర కొంటే నాకు తిన్న అన్నం అరగదు. లేచి వచ్చేశాను.

పర్ణశాలలో ఒక పెద్దాయన దగ్గర పాత వ్యాను ఉందని తెలిసి బస్సెక్కాను. గుడి దగ్గరి అంగళ్ళకు బొమ్మలు, బుట్టలు, ఈతచాపలు మోసిన బండి అది. పైన మనిషెత్తు తొట్టి. నా కళ్ళు ఆ తొట్టి మీదే నిలిచిపోయాయి. అరవై బస్తాలు పడతాయి. రెండో ట్రిప్పు డీజిల్ మిగిలినట్టే.

"ఏం మోస్తవ్ సేటూ?" అన్నాడు పెద్దాయన.

"పొట్టు గుళికలు."

"ఎంత బరువు?"

"పొట్టే కదా పెద్దాయనా!" అన్నాను. అరవై నలభైలు రెండువేల నాలుగు వందలని నాకు తెలియదా? తూకాల మధ్య పుట్టినవాణ్ణి. కానీ బేరంలో కొనేవాడు నిజం చెప్పడం మా వంశంలో లేదు.

ఆయన బండి చుట్టూ తిరిగి, వెనక చక్రం దగ్గర కూలబడి చెయ్యి పెట్టి చూపించాడు. "ఇగో, ఇది బొమ్మలు మోసిన బండి. వెనక పట్టీ ఒకటి చిట్లింది. పది పన్నెండు బస్తాలకు మించి ఎక్కియ్యకు. పోతే పో, నీకు పనికిరాదు."

అక్కడే నా కొంప మునిగింది. నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం ఏమిటంటే, సరుకును పొగిడేవాడు వదిలించుకోవాలని చూస్తాడు, తనే వంక పెట్టేవాడు ఇవ్వబుద్ధి కాక పెడతాడు. కొట్టుకు పాత బెల్లం అమ్మజూపినవాళ్ళంతా పొగిడినవాళ్ళే. ఈయన ఇంతగా తిడుతున్నాడంటే బండి బంగారమన్నమాట! ఆ చిట్లిన పట్టీని వేలితో తడిమి కూడా, ధర తగ్గించడానికి పనికొస్తుందనే సంతోషించాను.

ముప్పైకి అడిగాను. ఆయన నవ్వాడు. లేచి వెళ్ళిపోతున్నట్టు నడిచాను. వెనక నుంచి పిలవాలి కదా, పిలవలేదు. ఎదురుగా చాయ్ హోటల్లో కూచుని సాయంత్రం దాకా ఏడు చాయ్‌లు తాగాను. ఆయన అరుగు మీద హాయిగా నిద్రపోయాడు. రెండో రోజు "ఇటు పోతూ వచ్చిన" అని మళ్ళీ తేలాను. ఆయన "అవ్, బస్సు రోడ్డు ఇటే కదా" అన్నాడు. అక్కడ నేను చాయ్ తాగే ప్రతి గంటా ఇంటి దగ్గర కట్టె కుప్ప ఒక మూర తగ్గుతోంది. అది తెలుసు. తెలిసీ కదల్లేకపోయాను. అంత దూరం వచ్చి చెప్పిన ధరకు కొనడమంటే చచ్చినంత పని నాకు.

మూడో రోజు పొద్దున ముప్పై ఎనిమిది దగ్గర ఆగాడు. తొట్టి మీద కప్పే టార్పాలిన్ పట్టా మడతపెట్టి ఉంది. "పట్టా నువ్వే ఉంచుకో, పదిహేను వందలు తగ్గించు" అన్నాను. ఆకాశం తెల్లగా పింగాణీ గిన్నెలా ఉంది, మార్చి నెల.

"చెడగొట్టు వానలొచ్చే కాలం సేటూ."

"నువ్వు వానను గూడ అమ్ముతవా?" అన్నాను. నా మాటకు నేనే నవ్వుకుని డబ్బు లెక్కపెట్టాను.

మిల్లులో నలభై బస్తాలకే తొట్టి వెనక్కి వాలింది. హమాలీ ఆగి నా మొహం చూశాడు. "ఎక్కియ్యి, ఎక్కియ్యి" అన్నాను. అరవై ఎక్కాయి. గోదావరి వంతెన దాటేటప్పుడు స్టీరింగు గాలిలో తేలుతున్నట్టుంది. అడవి మొదలయ్యాక, పాల్వంచకు ఇంకా చాలా దూరముందనగా, రోడ్డు మీద చిన్న గుంత. పెద్ద చప్పుడు. దిగి చూస్తే వెనక పట్టీలు రెండుగా విరిగి, తొట్టి ఒక పక్కకు ఒరిగి టైరు మీద కూచుంది.

అప్పుడు చూశాను, ఆకాశాన్ని. పడమర నుంచి మబ్బు నల్లగా వస్తోంది.

కొద్ది దూరంలో గూడెం, దాని ముందు ఒక చాయ్ పాక, అందులో రూపాయి బిళ్ళ వేసే ఫోను. ఇంటికి చేశాను.

"ఎక్కడున్నరు?" అన్నది మా ఆవిడ.

చెప్పాను. బ్యారన్ కాసే ముసలాయన గొంతు వెనక నుంచి వినిపించింది: "వేడి దిగుతున్నదమ్మా, ఆకు ఇప్పుడే పసుపు తిరుగుతున్నది."

"కట్టె ఎంతుంది?" అన్నాను.

"పొద్దుననే అయిపోయింది. కోళ్ళగూడు గూడ పెట్టిన." వెంటనే అన్నది, "మీరు రాండి. మంట సంగతి నేను చూసుకుంట."

ఏమి పెట్టి చూసుకుంటుందో అడగలేదు. అడిగే ధైర్యం లేక ఇంకో రూపాయి వేసి, కాగితం మీద రాసుకున్న పెద్దాయన నంబరుకు చేశాను. పాకలో నిలబడి, ముప్పయ్యారున్నర వేల బండి కొన్నవాణ్ణి, "పెద్దాయనా, పట్టా ఉన్నదా?" అని అడిగాను. ఆయన "ఎక్కడ?" అన్నాడంతే.

ఆయన వచ్చేలోపే వాన వచ్చింది. పాకవాళ్ళు నాలుగు తాటాకులిచ్చారు. బస్తాల మీదికెక్కి వాటిని పరిచాను, చొక్కా విప్పి పరిచాను, చివరికి నేనే బోర్లా పడుకున్నాను. నా కింద బస్తాలు ఉబ్బడం కడుపుకు తెలుస్తోంది. ఒక్కొక్కటే కుట్లు తెగి, ఎర్రటి పొట్టు గంజిలా కారి రోడ్డు మీద పడుతోంది. వానను, బండిని, నాన్న పాఠాన్ని, అన్నిటినీ తిట్టాను. ఏడిచాను కూడా. వానలో కాబట్టి లెక్కలోకి రాదు.

గంటన్నరకు పెద్దాయన ఎవరిదో మోటారు సైకిలు వెనక కూచుని, తొడల మీద పట్టా పెట్టుకుని దిగాడు. నా నోట్లోంచి వచ్చిన మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తడిసిన పొట్టు మీద కూచుని, "ఎంతకిస్తవ్?" అన్నాను.

"ముందు కప్పు సేటూ, తర్వాత బేరమాడు" అన్నాడాయన. పట్టా లాగి కడుతూ, "చెప్పిన కదా నీకు, బొమ్మల బండని" అన్నాడు.

"చెప్పినవ్. నిజం చెప్తున్నవనుకోలే."

ఆయన చెయ్యి ఆగింది. "మరి ఏంటి అనుకున్నవ్?" అని నన్ను వింతగా చూశాడు. నేను పట్టా రెండో కొస పట్టుకుని ముడి వేశాను.

పాకవాడే గూడెంలోంచి ఒక ట్రాక్టరును పిలిపించాడు. ఆ డ్రైవరు రెండున్నర వేలన్నాడు. సరే అన్నాను. తగ్గిస్తాడని చూడకుండా, లేచి నడవకుండా సరే అనడం నా జన్మలో అదే మొదటిసారి. తడవని ముప్పై మూడు బస్తాలు అందులోకి మార్చి, వాటి మీద అదే పట్టా కప్పి బయల్దేరాం.

పొద్దు గుంకే వేళకు ఇల్లు చేరాం. పొగగొట్టం మీద పొగ ఉంది. సన్నగా, కానీ ఉంది. బ్యారన్ పొయ్యి ముందు మా ఆవిడ గొడ్డలి ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉంది, మొహమంతా మసి. మంటలో ఒక చెక్క సగం కాలి ఉంది. దాని మీద సున్నం అంకె ఇంకా కనబడుతోంది, ఒకటి.

"తొమ్మిది నుంచి మొదలుపెట్టిన," అన్నది. "ఒకటి దాకా పోవాల్సి రాదనుకున్న."

ముసలాయన గోడకున్న అద్దంలోంచి లోపలి వేడి కొలత చూసి వచ్చాడు. నడుమ ఒక గంట దిగిందట. కింది వరుసలు నల్లబడ్డాయి, పైవి నిలబడ్డాయి. నేను బస్తా విప్పి గుళికలు పొయ్యిలో పోశాను. ఎండినవి కాబట్టి చిటపటలాడి అంటుకున్నాయి. చాలా నిలకడగా మండాయి. ఆ విషయంలో మిల్లువాడు అబద్ధం చెప్పలేదు. అసలు ఆ మూడు రోజుల్లో నాకు ఎవరూ అబద్ధం చెప్పలేదు.

సీజను అయ్యాక లెక్క రాశాను. బండి కొన్నది ముప్పయ్యారున్నర వేలు, పాత ఇనుముకు వచ్చింది పద్నాలుగు, పోయింది ఇరవై రెండున్నర వేలు. పొట్టయిన ఇరవై ఏడు బస్తాలు మూడువేల రెండు వందల నలభై. ట్రాక్టరుకు రెండున్నర వేలు. బస్సులు, డీజిలు, ఆ ఏడు చాయ్‌లతో సహా ఎనిమిది వందల అరవై. నల్లాకు ఆరువేలు. పట్టా పదిహేను వందలు. పెద్దాయన వద్దన్నా ఇచ్చి వచ్చాను, బేరం లేకుండా. తలుపు చెక్కలు తొమ్మిది. ఊళ్ళో వడ్రంగిని అడిగితే పాత టేకు, చెక్క రెండు వందల యాభై చేస్తుందన్నాడు. ఆ లెక్కనే రెండువేల రెండు వందల యాభై వేశాను. నాన్న అంకెలకు విడిగా ఏమీ వేయలేదు, వేయడం రాలేదు.

ఇందులోంచి నేను తెగ్గోసిన అయిదున్నర వేలు తీసేయొచ్చా అని పెన్సిలు పట్టుకుని చాలాసేపు చూశాను. అది కొన్న ధరలో ముందే కలిసిపోయింది, రెండోసారి తీస్తే దొంగ లెక్క. తీయలేదు. మొత్తం ముప్పై ఎనిమిది వేల ఎనిమిది వందల యాభై.