బస్సు దిగేలోపు

నా బొజ్జ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. సచిన్ అనే ఊరి నుంచి సూరత్ ఆసుపత్రికి బస్సులో వెళ్తున్నాను. బరువు తగ్గడానికి పొట్ట కోసి చిన్నది చేసే స్లీవా, పేగు దారి మళ్లించే బైపాసా, దిగగానే డాక్టరుకు చెప్పాలి.

పక్కన కూర్చున్న సాంచెల, అంటే మరమగ్గాల, కార్మికుడు తన బైపాస్ మచ్చ చూపించాడు.

"బైపాసయితే బతికినన్ని రోజులు విటమిన్ గోలీలు మింగాలె అన్నా. సాంచెల దారం తెగితే తెలుస్తది, గోలీలు ఆపితే కడుపు చెప్పది. షుగర్ గోలీలు రోజూ ఏసుకుంటున్నవా?"

"ఒక్క దినం తప్పలే."

"జర నా మొఖం చూసి చెప్పు."

చూడలేకపోయాను. దిగగానే డాక్టరు దగ్గర గోలీలు ఎగ్గొడుతున్న నిజం ఒప్పుకుని, స్లీవ్ అన్నాను.

కల్పించింది ఆ చివరి వాక్యమే. ఆ రోజు బైపాసే అన్నాను. ఆపరేషన్ గౌను తొడిగాకే గోలీల నిజం చెప్పడానికి నోరు పెగిలింది.