పూతరేకుల కుండ దగ్గర ఇంగ్లీషు

నా చిన్నప్పుడు, అయిదో తరగతి దాకా మా ఊళ్ళో తెలుగు మీడియంలో చదివిన నన్ను తీసుకెళ్ళి రావులపాలెంలో ఇంగ్లీషు మీడియం బడిలో పడేశారు. పడేశారు అనడమే న్యాయం. లెక్కలు వచ్చు, బొమ్మలు వెయ్యడం వచ్చు, ఇంగ్లీషు మేడమ్ గారు గదిలోకి రాగానే మాత్రం నాలుక అంగిట్లో అతుక్కుపోయేది.

అన్నిటికంటే నన్ను ఏడిపించినవి ఆ జంట మాటలు. గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి, ఇంతవరకు బాగానే ఉంది. రెండూ కలిసి గివ్ అప్ అయ్యేసరికి 'ఇక నావల్ల కాదని వదిలెయ్యడం' ఎలా అయిందో నాకు అంతు పట్టేది కాదు. ఒకరోజు మేడమ్ గారు లుక్ ఆఫ్టర్ అంటే ఏమిటని అడిగితే, 'తరవాత చూద్దాం' అని ఠకీమని చెప్పాను. క్లాసంతా ఘొల్లుమంది. జాగ్రత్తగా చూసుకోవడం అని ఆవిడ చెప్పారు గానీ, ఆ నవ్వుల్లో నాకేం వినపడలేదు. అప్పట్నుంచీ ఆ మాటల్ని ఎక్కాల్లా బట్టీ పట్టాను. ఇంట్లో అన్నీ వచ్చేవి, బళ్ళోకి అడుగు పెడితే అన్నీ పోయేవి.

వేసవి సెలవులకి ముందు ఒక్కొక్కరినీ లేపి ప్రశ్నలు అడుగుతామని, నేను జవాబు చెప్పలేకపోతే తిరిగి ఊరి బళ్ళో చేర్పించుకోవడం మంచిదని బడినుంచి మా నాన్నగారికి కబురొచ్చింది. "పిల్ల రోజూ ఏడుస్తూ వెళ్తంది. ఎందుకొచ్చిన చదువే ఇది?" అని ఆయన మా అమ్మతో అన్నారు. ఏడుస్తూ వెళ్ళిన మాట నిజమే. కానీ ఆ బళ్ళో గోడంత ప్రపంచ పటం ఉండేది, సైన్సు గదిలో గాజు గొట్టాలు ఉండేవి. అవన్నీ వదులుకుని రావాలంటే నాకు ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

ఈ గోలంతా గోడ అవతలనుంచి పక్కింటి అక్క వింది. ఆవిడ ఆ ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు, చంటిపిల్లాడి తల్లి. పుట్టిల్లు ఆత్రేయపురం. రాజమండ్రిలో ఇంగ్లీషు తీసుకుని బి.ఏ. చదివింది. ఆవిడతోపాటు అత్తారింటికి వచ్చినవి ఆ చదువూ, పూతరేకులు తీసే చెయ్యీ. రెండో దాని గురించి ఊరంతా చెప్పుకునేది, మొదటి దాని గురించి ఎవరూ అడిగేవారు కాదు. వాళ్ళ మరిది పెళ్ళికి రేకులు తియ్యాలి, సాయానికి పిల్లని పంపండి పిన్నిగారూ అని మా అమ్మని అడిగింది.

ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. పెరట్లో పాక కింద పొయ్యి మీద నల్లటి కుండ బోర్లించి ఉంది. పక్కన పాలలా పల్చటి బియ్యప్పిండి, దాంట్లో ముంచడానికి తెల్లటి గుడ్డ ముక్క, మంటకి ఎండు కొబ్బరాకులు.

"పొయ్యి వెలిగించిన దగ్గర్నుంచి ఆర్పేదాకా నేను ఇంగ్లీషులోనే మాట్లాడతానే. నువ్వేం మాట్లాడక్కర్లేదు. నేను చెప్పింది చెయ్యి, చాలు" అంది అక్క.

వెలిగించీ వెలిగించగానే "టక్ ఇన్ యువర్ స్కర్ట్" అంది. నేను గుడ్లప్పగించి నిలబడ్డాను. ఆవిడ తన కొంగు నడుం దగ్గర దోపుకుని నా వంక చూసింది. మంట దగ్గర కదా, నేనూ పరికిణీ అంచు ఎత్తి దోపుకున్నాను. ఆ మాటకి తెలుగేమిటో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.

తరవాత అసలు పని. అక్క గుడ్డని పిండిలో ముంచి కుండ వీపు మీద ఒక్కసారి అలా లాగేది. లాగిన చోటల్లా పిండి తెల్లటి పొరై ఎండిపోయేది. వెంటనే "పీల్ ఇట్ ఆఫ్!" అనేది. నేను పీల్ అంటే ఒలవడం, ఆఫ్ అంటే, అని మనసులో తెలుగు వెతుక్కునేలోగా రేకు ఎర్రబడి పెళుక్కున విరిగిపోయేది. అక్క కోప్పడలేదు. విరిగిన ముక్కల్లో పంచదార చల్లి "ఈట్ దెమ్ అప్" అని నా నోట్లో పెట్టింది. ఆ జంట మాట మాత్రం నాకు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

అలా ఎన్ని రేకులు పాడుచేశానో. చివరికి వేలు చురుక్కుమనేసరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాను. అక్క నా వేళ్ళు తీసుకుని నీళ్ళగిన్నెలో ముంచింది. కాసేపు అలాగే పట్టుకుని, నెమ్మదిగా "డోంట్ గివ్ అప్" అంది. మళ్ళీ గుడ్డ లాగింది. ఈసారి ఆవిడ మాట పూర్తయ్యేసరికి రేకు నా చేతిలో ఉంది, ఎక్కడా చిరగకుండా. మధ్యలో తెలుగు రాలేదని నాకు ఆ తరవాతెప్పుడో తట్టింది.

మధ్యాహ్నం చంటాణ్ణి నా ఒళ్ళో పడుకోబెట్టి "లుక్ ఆఫ్టర్ హిమ్" అని స్నానానికి వెళ్ళింది. వాడు నా వేలు పట్టుకుని నిద్రపోయాడు. ఈగ వాలకుండా విసురుతూ కదలకుండా కూర్చున్నాను. క్లాసంతా నవ్విన మాట అది. దానికి ఇంత బరువూ ఇంత వెచ్చదనం ఉంటాయని నాకప్పటిదాకా తెలీదు.

పెళ్ళి అయిపోయాక కూడా ఆదివారాలు ఆగలేదు. బట్టలు మడిచినా, వడియాలు ఎండబెట్టినా అదే షరతు.

ప్రశ్నల రోజు రానే వచ్చింది. మేడమ్ గారు గివ్ అప్ ని వాక్యంలో పెట్టమన్నారు. నేను రేకు చిరిగిందని, వేలు కాలిందని, అయినా గివ్ అప్ చెయ్యలేదని వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. రేకంటే ఏమిటన్నారు. ఆవిడది మా వైపు కాదు. నా చేతులు వాటంతటవే లేచాయి. గాల్లో కుండ పెట్టి, గుడ్డ ముంచి లాగి, ఇట్ డ్రైస్ అప్, పీల్ ఇట్ ఆఫ్, ఫోల్డ్ ఇట్ అప్ అంటూ మడత దాకా చేసి చూపించాను. ఆవిడ నవ్వుతూ, మరి లుక్ ఆఫ్టర్ అన్నారు. వెనక బెంచీలు నవ్వడానికి సిద్ధమయ్యాయి. నేను రెండు చేతులూ ఒడిలా పట్టి, అక్క కొడుకుని ఎలా చూసుకున్నానో చెప్పాను. ఎవరూ నవ్వలేదు. మేడమ్ గారు మా నాన్నగారిని పిలిపించి, అమ్మాయి ఇక్కడే ఉంటుందండీ అన్నారు. ఆయన "ఆయ్, అలాగేనండి" అని, దారి పొడుగునా నాకంటే ఎక్కువ మురిసిపోయారు.

అక్కకి చెబుదామని గోడ దగ్గరికి పరిగెత్తాను. అంతా విని నా బుగ్గలు పుణికింది. కళ్ళు తుడుచుకుంటూ అంది: "నీకే కాదే, నాకూ కడుపు నిండింది. పెళ్ళయ్యాక నాతో ఇంగ్లీషు మాట్లాడినవాళ్ళే లేరు. నీ వంక పెట్టుకుని మళ్ళీ మాట్లాడుకున్నాను."

ఇచ్చేవాళ్ళకి ఇస్తున్నామని, పుచ్చుకునేవాళ్ళకి పుచ్చుకుంటున్నామని తెలియకుండా జరిగే మంచి ఉంటుందని అంత చిన్నతనంలోనే చూశాను. ఆవిడంత తెలివిగా నాకు చదువు చెప్పినవాళ్ళు తరవాత కాలేజీల్లో కూడా దొరకలేదు. ఇప్పుడు కాకినాడలో మా ఆఫీసుకి ఎవరైనా బిక్కమొహంతో కొత్తగా వస్తే, నీకేం వచ్చని అడగను. పక్కన కూర్చోబెట్టుకుని పని మొదలుపెడతాను.

ఊరికి వెళ్ళినప్పుడు ముందు ఆ గుమ్మమే ఎక్కుతాను. అక్క జుట్టు నెరిసింది, కుండ మాత్రం పొయ్యి మీదే ఉంది. నన్ను చూడగానే కుశలప్రశ్నలేవీ వెయ్యదు, "టక్ ఇన్" అంటుంది. ఆ మాట ఏ భాషలో ఉందో గుర్తొచ్చేలోగా, నా కొంగు నడుం దగ్గర దోపుకునే ఉంటాను.